సీసం నేర్పిన అలవాటు, లిథియం కోరే జాగ్రత్త

అనంతపురం మెట్టలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వాననే నమ్ముకున్న శనక్కాయ చేనికి ఎర్ర గొంగళి పురుగు పడితే మందు కొట్టడానికి ఆలస్యం పనికిరాదు. భుజాన మోసే చేతి పంపుతో మొదలైన ఆ పని పెట్రోలు స్ప్రేయర్, బ్యాటరీ స్ప్రేయర్ మీదుగా డ్రోన్ దాకా వచ్చింది. డ్రోన్‌ను ఎగరేసే లిథియం ప్యాక్ లోటుపాట్లు ముందుగా పొలంలో బయటపడలేదు. వాటిని ఎక్కువగా పట్టుకున్నది రిమోట్ కార్లు, బొమ్మ విమానాలు నడిపే సరదారాయుళ్లే.

జపాన్ కంపెనీ తమియా 1976లో తన తొలి రిమోట్ కారు, పోర్షే 934ను తెచ్చింది. తర్వాతి కాలంలో ఆరు నికెల్-కాడ్మియం సెల్స్‌తో కూర్చిన 7.2 వోల్టుల ప్యాక్ ఈ ఆటకు స్థిరపడింది. కారు ఆగేదాకా నడిపి, పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జింగ్ పెట్టాలన్నది అప్పటి నియమం. ఆ ప్యాక్‌లకు అది చెల్లింది.

లిథియం సంగతి వేరు. 1970లలో శాస్త్రవేత్త విటింగ్‌హామ్ లిథియం లోహంతో చేసిన బ్యాటరీలో ముళ్లలాంటి మొలకలు లేచి లోపలే షార్ట్ అయ్యేది. 1980లో గుడ్‌ఇనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్‌ను, 1985లో యోషినో లోహానికి బదులు కార్బన్‌ను వాడి దాన్ని దారికి తెచ్చారు. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. 2019లో ఆ ముగ్గురికీ నోబెల్ దక్కింది.

2000 తర్వాత రిమోట్ కార్లలోకి లిథియం-పాలిమర్ ప్యాక్‌లు వచ్చాయి. పాత అలవాటుకొద్దీ పూర్తిగా ఖాళీ చేసినవాళ్ల ప్యాక్‌లు ఉబ్బిపోయాయి. సెల్ 3 వోల్టుల కిందికి దిగితే దెబ్బతింటుంది, 4.2 దాటితే ప్రమాదం. రెండు సెల్స్ ప్యాక్ మొత్తం 7.4 వోల్టులు చూపిస్తే బాగానే ఉందనిపిస్తుంది. ఒక్కో సెల్‌నూ విడిగా చూపే బ్యాలెన్స్ వైరు దగ్గర మీటరు పెట్టి చూస్తే ఒక సెల్ 4.1, రెండోది 3.3 ఉండొచ్చు. మోటారు లాగగానే ఆ బలహీనమైన సెల్ కూలిపోతుంది, బండి ఆగిపోతుంది.

ట్రాక్టర్ మెకానిక్‌కు ఇది కొత్త కాదు. 12 వోల్టుల సీసం బ్యాటరీలోనూ ఆరు సెల్స్ ఉంటాయి. మూతలు తీసి ఒక్కో గదిలో యాసిడ్ గ్రావిటీ చూసి, "ఒక సెల్ పోయింది" అని చెప్పే విద్య లిథియానికీ అక్కరకొస్తుంది. వదులుకోవలసిన అలవాటు వేరే ఉంది. సీసం బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ నిండా ఛార్జి చేసి ఉంచాలని ఊరూరా నేర్చుకున్నారు. లిథియాన్ని అలా నిండుగా, ఎండకు కాగిన రేకుల షెడ్డులో పెడితే లోపలి ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుట్టి ప్యాక్ ఉబ్బుతుంది. ఉబ్బిన ప్యాక్‌ను గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు.

2015లో చైనా కంపెనీ డీజేఐ పది కిలోల మందు మోసే బ్యాటరీ డ్రోన్‌ను తెచ్చింది. 2023 నవంబరులో మహిళా సంఘాలకూ డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకం మొదలైంది. వాన మీద ఒకే పంట పండే అనంతపురంలో శనక్కాయ కోత ముగిశాక ప్యాక్‌కు నెలల తరబడి పని ఉండదు, ఆపైన 40 డిగ్రీలు దాటే ఎండాకాలం వస్తుంది. ఇక్కడ ప్యాక్‌కు ఎగిరే రోజులకన్నా ఊరికే పడివుండే రోజుల్లోనే గండం ఎక్కువ. సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపి, చల్లటి గదిలో పెట్టి, నెలకోసారి సెల్ సెల్‌కూ మీటరు పెట్టి చూస్తే జూన్‌లో విత్తనం పడే నాటికి అదే ప్యాక్ మళ్లీ పనికొస్తుంది.