పోచంపల్లి సభ

సభ యనగానే వేదికపై నుపన్యాసము, క్రింద కరతాళధ్వనులు, తుదకు తీర్మానములు మనకు స్ఫురించును. బాధపడువారే కష్టమును విన్నవింపగా, వినవచ్చినవారిలోనే యొకరు మార్గము చూపిన సభ యొకటి నాటి నల్లగొండ జిల్లాలో జరిగినది.

1951 నాటికి తెలంగాణమున రైతుల సాయుధపోరాట మింకను చల్లారలేదు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వార్ధా ప్రాంతమునుండి కాలినడకను వచ్చిన వినోబా భావే, పిదప పల్లెలు తిరుగుచు ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరెను. నాడు హరిజనులని పిలువబడిన దళితుల వాడకు పోయి, మీకేమి కావలెనని యడిగెను. 40 కుటుంబములవారు 80 ఎకరముల భూమి కోరిరి. ప్రభుత్వమునకు నివేదింతునని చెప్పియు, ఆయన యంతటితో నూరకుండక, ఊరివారే యేమైన చేయగలరాయని కూడినవారి నడిగెను. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరము లిత్తుననిరి. భూదానోద్యమ మట్లు పుట్టినది.

ముందే వ్రాసికొన్న తీర్మానమును చదివి ముగించిన సభలో ఈ మాట పుట్టియుండెడిదా? అయినను మాట పుట్టుటతోనే పని ముగియదు. భూదానమున వచ్చిన నేలలో కొంత సాగునకు పనికిరానిది. కొంత పంచబడక వివాదముల పాలైనది. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టము వచ్చినను ఆ చిక్కులన్నియు తీరలేదు.

కావున మన సంఘములందును బాధితులను మొదట మాటాడనీయవలెను. పంపకము ముగిసి పట్టా చేతికి వచ్చువరకు వారిని సభనుండి లేచిపొమ్మనరాదు.