మధుమేహ పరిశోధనకు విరాళాల అండ: ఒక సంస్థ తొంభై ఏళ్ల ప్రయాణం

మధుమేహంపై పరిశోధన అనగానే ప్రభుత్వ ప్రయోగశాలలు, ఔషధ కంపెనీలు గుర్తుకొస్తాయి. కొత్త మందు తయారయ్యే అవకాశమున్న చోట పెట్టుబడికి కొదవ ఉండదు. కానీ సమాధానం దొరికినా ఎవరికీ పెద్దగా లాభం రాని ప్రశ్నలకు డబ్బు ఎవరు ఇస్తారు? బ్రిటన్‌లో ఆ బాధ్యతను పంచుకుంటున్న స్వచ్ఛంద సంస్థ డయాబెటిస్ యూకే. దాని పుట్టుక, పనితీరు, అది నిధులిచ్చిన ముఖ్య పరిశోధనల వివరాలివి.

ఒక వైద్యుడు, ఒక రచయిత

స్కాట్లండ్‌కు చెందిన యువ వైద్యుడు రాబర్ట్ డేనియల్ లారెన్స్‌కు 1920లో మధుమేహం ఉన్నట్లు తేలింది. ఇన్సులిన్ లేని ఆ రోజుల్లో అది మరణశాసనంతో సమానం. మిగిలిన కొద్ది కాలం గడిపేందుకు ఆయన ఇటలీలోని ఫ్లారెన్స్‌కు వెళ్లిపోయారు. ఈలోగా కెనడాలోని టొరంటోలో శాస్త్రవేత్తలు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. అది లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రికి చేరిందని, వెంటనే తిరిగి రమ్మని 1923లో సహచరుడొకరు కబురు పంపారు. కృశించిన శరీరంతోనే లారెన్స్ లండన్ చేరుకుని ప్రాణం దక్కించుకున్నారు. ఆ తర్వాత మరో 45 ఏళ్లు జీవించారు.

'టైమ్ మెషీన్' నవలా రచయిత హెచ్.జి.వెల్స్ కూడా మధుమేహ బాధితుడే. లారెన్స్ వద్ద ఆయన చికిత్స పొందారు. వీరిద్దరూ కలిసి 1934లో డయాబెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉచిత వైద్య సేవలు అప్పటికి ఇంకా మొదలుకాలేదు. పేద, ధనిక భేదం లేకుండా అవసరమైన ప్రతి ఒక్కరికీ ఇన్సులిన్ అందాలన్నది వారి ఆశయం. ఆ సంస్థే 2000 నుంచి డయాబెటిస్ యూకే పేరుతో కొనసాగుతోంది.

నిధుల కేటాయింపు ఎలా?

వ్యక్తులిచ్చే చిన్న, పెద్ద విరాళాలు, వీలునామాల ద్వారా సంక్రమించే సొమ్ము, పరుగులు, పాదయాత్రల వంటి కార్యక్రమాల ద్వారా సమకూరే మొత్తాలు ఈ సంస్థకు ప్రధాన ఆధారం. పరిశోధకులు దరఖాస్తు చేసుకుంటే, అదే రంగంలోని ఇతర శాస్త్రవేత్తలు వాటిని పరిశీలించి అభిప్రాయం చెబుతారు. అంతటితో ఆగకుండా, మధుమేహంతో జీవిస్తున్న వారితో ఏర్పాటైన బృందం కూడా వాటిని చదువుతుంది. శాస్త్రీయంగా మేలైన ప్రతిపాదన రోగి నిత్యజీవితానికి ఏ మేరకు పనికొస్తుందన్నది ఈ బృందం వేసే ప్రశ్న.

నిర్దిష్ట ప్రాజెక్టులతో పాటు పీహెచ్‌డీ విద్యార్థులకు, వృత్తి తొలి దశలోని శాస్త్రవేత్తలకు కూడా సంస్థ ఆర్థిక సహాయం అందిస్తుంది. యువ పరిశోధకులకిచ్చే ఫెలోషిప్‌లలో ఒకదానికి లారెన్స్ పేరు పెట్టారు.

ఆహారమే ఔషధంగా

టైప్ 2 మధుమేహం ఒకసారి వస్తే క్రమంగా ముదురుతుందే తప్ప వెనక్కి మళ్లదన్నది దీర్ఘకాలం కొనసాగిన భావన. న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ రాయ్ టేలర్ దీనిని ప్రశ్నించారు. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు తగ్గితే వ్యాధి ఉపశమిస్తుందని ఆయన ప్రతిపాదించారు. డయాబెటిస్ యూకే నిధులతో 11 మందిపై జరిపిన చిన్న అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడి ఆశలు రేకెత్తించాయి.

అనంతరం గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ మైక్ లీన్‌తో కలిసి టేలర్ 'డైరెక్ట్' పేరిట పెద్ద అధ్యయనం చేపట్టారు. దీనికి సంస్థ 20 లక్షల పౌండ్లకు పైగా వెచ్చించింది. ఇందులో 306 మంది పాల్గొన్నారు. ఒక వర్గానికి వైద్యుల పర్యవేక్షణలో మధుమేహ మాత్రలు ఆపి, మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. మరో వర్గానికి మామూలు చికిత్స కొనసాగించారు. ఏడాది గడిచాక మొదటి వర్గంలో 46 శాతం మందిలో మందులు లేకుండానే చక్కెర స్థాయి మధుమేహ పరిమితి కంటే దిగువన ఉంది. రెండో వర్గంలో ఇది 4 శాతమే. 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. వీటి ఆధారంగానే 2020లో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, తర్వాత విస్తరించింది.

పరిమితులు

ఉపశమనం అంటే శాశ్వత నివారణ కాదు. సంస్థ నిధులతోనే అధ్యయనాన్ని పొడిగించి పరిశీలించగా, రెండేళ్లకు ఉపశమనంలో ఉన్నవారిలో ఐదేళ్ల తర్వాత దాదాపు నాలుగో వంతు మందే ఆ స్థితిలో నిలిచారు. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే వ్యాధి తిరగబెడుతుంది. పైగా ఈ అధ్యయనంలో పాల్గొన్నవారు దాదాపు అందరూ శ్వేతజాతీయులే. దక్షిణాసియా వాసులకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే మధుమేహం వస్తుంది. అందువల్ల అక్కడి ఫలితాలను మనకు యథాతథంగా అన్వయించుకోలేం.

భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. అన్నం ప్రధానాహారమైన కుటుంబాల్లో ఎలాంటి భోజనం మేలు, ఎంత బరువు తగ్గాలి, దానిని ఎలా నిలుపుకోవాలి వంటి ప్రశ్నలకు ఇక్కడి ప్రజలపై జరిగే పరిశోధనలే సరైన సమాధానాలివ్వగలవు. వీటిలోనూ కంపెనీలకు లాభం తక్కువే. ప్రజాధనంతో పాటు ప్రజల విరాళాలు కూడా ఇలాంటి పరిశోధనలను నిలబెట్టగలవని బ్రిటన్ అనుభవం చెబుతోంది.

గమనిక: కఠినమైన ఆహార నియమాలు పాటించాలన్నా, మందులు తగ్గించాలన్నా, మానాలన్నా ముందుగా వైద్యుని సలహా తప్పనిసరి. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు సొంత నిర్ణయంతో దానిని ఆపడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.