సూంగ్ సోదరీమణులు: చలనచిత్రము, చరిత్ర

ఆధునిక చీనా చరిత్రలో సూంగ్ సోదరీమణులు మువ్వురును ప్రసిద్ధులు. జ్యేష్ఠయగు ఐ లింగ్ 1914లో ధనికుడైన కుంగ్‌ను, ద్వితీయయగు చింగ్ లింగ్ 1915లో సన్ యట్‌సేన్‌ను, కనిష్ఠయగు మే లింగ్ 1927లో చాంగ్ కై షేక్‌ను వివాహమాడిరి. వీరి జీవితములను హాంగ్‌కాంగ్ దర్శకురాలు మేబెల్ చ్యుంగ్ 1997లో చలనచిత్రముగా రూపొందించెను.

ఒకతె ధనమును, ఒకతె అధికారమును, ఒకతె దేశమును ప్రేమించెనను నానుడియే ఈ చిత్రమునకు ఆధారసూత్రము. పై వివాహములును, 1936 నాటి సియాన్ ఘటనయు చరిత్రసిద్ధములే. కాని ఆ నానుడి చరిత్రపరీక్షకు నిలువదు. 1940లో జపానువారి బాంబులకు గురియైన చుంగ్‌కింగ్ నగరమున మువ్వురును కలసి ఆసుపత్రులను సందర్శించిరి. అధికారప్రియ యనబడిన మే లింగ్ 1943 ఫిబ్రవరి 18న అమెరికా కాంగ్రెసునందు ప్రసంగించి స్వదేశమునకు సాయ మర్థించెను. దేశభక్తురా లనబడిన చింగ్ లింగ్ 1949లో నూతన ప్రభుత్వమున ఉపాధ్యక్షపదవి నలంకరించెను. దేశాభిమానము గాని అధికారము గాని ఒక్కరి సొత్తు కాదు.

1949 అనంతరము వారిని వేరుచేసినది స్వభావభేదము మాత్రమే కాదు, అంతర్యుద్ధము కూడ. 1981లో చింగ్ లింగ్ పెకింగున మరణించినపుడు మే లింగ్ రాలేదు.

రూపకమునకు పాత్రల వైరుధ్యము బలము నిచ్చును. అందుచే కల్పనను నిందింప బనిలేదు. కాని నానుడిని చరిత్రముగా గ్రహించుట తగదు.