షుగర్ పట్టీ కథ: ఎవరి చేతికి అందింది, ఎవరికి అందలేదు

గనుల క్యాంపుల్లో మనం పడుకునే రేకు గదిని ఇక్కడివాళ్ళు ‘డోంగా’ అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువాడు ఆ మాట విని ఒకసారైనా నవ్వుకుంటాడు. నిజానికి ఆ గదుల్లో కొన్నిచోట్ల ఒక దొంగ ఉంటాడు కూడా. చప్పుడు చెయ్యడు, తాళం పగలగొట్టడు. కళ్ళచూపు, కాళ్ళ స్పర్శ, మూత్రపిండాల శక్తి కొద్దికొద్దిగా పట్టుకుపోతాడు. వాడి పేరు షుగర్. వాడిని పట్టించేది వేలెడంత కూడా లేని ఒక స్ట్రిప్. ఆ పట్టీ మన చేతి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. కొందరికి ఇప్పటికీ రాలేదు. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

చీమలు చెప్పిన జబ్బు

మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బుకు మధుమేహం అని పేరు పెట్టారు. రోగి మూత్రానికి చీమలు పడుతున్నాయని గమనించారు. అదే మొదటి పరీక్ష. 1776లో ఇంగ్లండులోని లివర్‌పూల్ డాక్టరు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఆవిరి చేసి, మిగిలినది చక్కెరేనని చూపించాడు. రక్తంలోనూ తీపి ఉందని చెప్పాడు.

ఆ తర్వాత 1908లో అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలిరంగు ద్రావణం తయారుచేశాడు. మన పెద్దవాళ్ళలో కొందరికి ఇది గుర్తుండే ఉంటుంది. గాజు గొట్టంలో నీలి మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉంది, ఇటుక రంగు వస్తే బాగా ఉంది. చౌకైన పరీక్షే, కానీ అది కొన్ని గంటల కిందటి సంగతి మాత్రమే చెబుతుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గానీ మామూలుగా మూత్రంలోకి దిగదు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పబోతున్నా ఆ పరీక్షకు తెలియదు.

రక్తంలోనే చక్కెర కొలిచే ఫోలిన్–వూ పద్ధతి 1919–20ల్లో వచ్చింది. అందులోని ఆటో ఫోలిన్ హార్వర్డు వైద్య కళాశాలలో నడిపిన విభాగంలోనే మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశాడు. బోస్టన్‌లో పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసిన మనిషి ఆయన. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతిని ప్రపంచానికి ఇచ్చాడు. రంగును బట్టి రక్తం లెక్క చెప్పే విద్యలో ఒక వలస కూలీ చెయ్యి కూడా ఉందని మనం మరిచిపోకూడదు.

“డాక్టర్లకే అమ్ముతాం”

1960ల నడుమ అమెరికాలోని ఏమ్స్ కంపెనీ డెక్స్‌ట్రోస్టిక్స్ అనే పట్టీ తెచ్చింది. దాని మీద పెద్ద రక్తపు బొట్టు పెట్టాలి. సరిగ్గా ఒక నిమిషం ఆగి నీళ్ళతో కడగాలి. వచ్చిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. ఆ రంగును చదవడానికి 1970లో అదే కంపెనీ ఒక మిషన్‌ను బజారులోకి తెచ్చింది. బరువు కిలోకు పైమాటే. ఆసుపత్రులకు, డాక్టర్లకు తప్ప మామూలు రోగికి అమ్మేవారు కాదు.

రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు 1946లో, పన్నెండో ఏట, షుగర్ వచ్చింది. నడివయసు రాకముందే ఒళ్ళంతా దెబ్బతింది. 1969లో ఆ మిషన్ ప్రకటన చూసి తనకొకటి కావాలన్నాడు. నువ్వు డాక్టరువి కాదు కదా అన్నారు. ఆయన భార్య డాక్టరు. ఆమె పేరు మీద కొన్నాడు. రోజుకు ఐదారుసార్లు వేలు పొడుచుకుని, ఏ తిండికి ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతోందో లెక్క రాసుకున్నాడు. చక్కెర అదుపులోకి వచ్చింది. ఆ సంగతి వ్యాసంగా రాస్తే వైద్య పత్రికలు వెనక్కి పంపాయి. దాంతో 45వ ఏట వైద్య కళాశాలలో చేరి తానే డాక్టరయ్యాడు. 2025లో, తొంభై దాటాక కన్నుమూశాడు.

రోగి తన రక్తాన్ని తానే పరీక్షించుకోగలడని 1978లో బ్రిటన్ డాక్టర్లు ప్రచురించి చూపించారు. 1987లో పెన్ను అంత మిషన్ వచ్చింది. రంగు చూడటం పోయి, పట్టీలోని ఎంజైము పుట్టించే చిన్న కరెంటును కొలవడం మొదలైంది. 1993లో అమెరికా, కెనడాల్లో 1,441 మంది మీద జరిగిన పెద్ద అధ్యయనం తేల్చి చెప్పింది: చక్కెరను గట్టిగా అదుపులో పెట్టుకుంటే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు చెడిపోవడం బాగా తగ్గుతుంది. కొలవకుండా అదుపు ఎక్కడిది?

ఆస్ట్రేలియాలో 1987

ఈ దేశం మందు విషయంలో వెనకబడలేదు. ఇన్సులిన్ కనిపెట్టిన రెండేళ్ళకే, 1923లో, మెల్‌బోర్న్‌లోని ప్రభుత్వ సీరం లేబొరేటరీ ఇక్కడే దాన్ని తయారుచేసింది. 1984లో మెడికేర్ వచ్చింది. 1987లో నేషనల్ డయాబెటిస్ సర్వీసెస్ స్కీమ్ మొదలైంది. క్లుప్తంగా ఎన్‌డీఎస్‌ఎస్ అంటారు. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, నడిపేది డయాబెటిస్ ఆస్ట్రేలియా సంస్థ. పేరు నమోదైతే పట్టీలు తక్కువ ధరకు, సూదులు ఉచితంగా వస్తాయి.

2016 జూలై 1 నుంచి రెండు మార్పులు జరిగాయి. సరుకు మందుల షాపుల ద్వారానే ఇవ్వడం మొదలైంది. ఇన్సులిన్ వాడని టైప్ 2 రోగికి సబ్సిడీ పట్టీలు మొదటి ఆరు నెలలకే ఇచ్చారు. ఆ తర్వాత కావాలంటే అవసరముందని డాక్టరో, డయాబెటిస్ ఎడ్యుకేటరో సంతకం పెట్టాలి. మాత్రల మీద ఉన్నవాడు రోజూ పొడుచుకుంటే పెద్ద లాభం లేదన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ పగలు షిఫ్టు, రాత్రి షిఫ్టు మారుతూ, వేళకు తిండి లేక, ఎండలో పనిచేసేవాడి సంగతి వేరు. అలాంటివారు ఆ మాట డాక్టరుతో విడమరిచి చెప్పి సంతకం అడగాలి. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

కార్డు లేనివాడి సంగతి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎన్‌డీఎస్‌ఎస్‌లో చేరాలంటే సాధారణంగా మెడికేర్ కార్డు ఉండాలి. ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందం ఉన్న 11 దేశాల వాళ్ళకు కొంత వెసులుబాటు ఉంది. ఆ జాబితాలో బ్రిటన్, ఇటలీ, మాల్టా ఉన్నాయి, భారతదేశం లేదు. తాత్కాలిక వర్క్ వీసా మీద వచ్చిన మనవాడు పన్ను కడతాడు, పని చేస్తాడు. పట్టీ మాత్రం పూర్తి ధరకు కొనాలి. అర్ధ శతాబ్దం కిందట “నువ్వు డాక్టరువి కాదు” అన్నారు. ఇప్పుడు “నీకు కార్డు లేదు” అంటున్నారు. మాట మారింది, తలుపు అదే.

అందుకే మనవాళ్ళు ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత డబ్బాలు తెప్పించుకుంటారు. గడువు దాటినవి వాడతారు. ఒకే సూదిని ఇద్దరు వాడతారు. ఈ చివరిది మాత్రం ఎన్నడూ చెయ్యవద్దు. రక్తం ద్వారా కామెర్ల జబ్బు అంటుకుంటుంది.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పట్టీలు కొనడానికి ఇక్కడ చీటీ అక్కరలేదు. రెండు మూడు షాపుల్లో ధర అడిగి, ముందు పట్టీ ధర చూసి తర్వాత మిషన్ కొనండి. మిషన్ చౌకగా వచ్చినా ఖర్చంతా పట్టీలదే. మీ ఇన్సూరెన్సు పాలసీ వీటికి డబ్బు ఇస్తుందా, పాత జబ్బుకు ఎంత గడువు పెట్టిందో అడిగి తెలుసుకోండి. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టినవారిలో కొందరికి మెడికేర్ వస్తుంది. అది రాగానే ఎన్‌డీఎస్‌ఎస్‌లో పేరు రాయించుకోండి. వారి నంబరు 1800 637 700. ఇంగ్లీషు కష్టమైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి.

పట్టీని కాపాడుకోవాలి

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్బుల్ బార్‌లో 1923–24 వేసవిలో వరసగా 160 రోజులు ఎండ 37.8 డిగ్రీలకు తగ్గలేదు. చాలా పట్టీల డబ్బాల మీద 30 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉంటుంది. కాబట్టి యూట్ డ్యాష్‌బోర్డు మీద డబ్బా వదిలేస్తే, తర్వాత అది చెప్పే లెక్కను నమ్మలేం. మూత బిగించి, చల్లని చోట పెట్టండి. ద్రాక్ష, మామిడి తోటల్లో కోతకు వెళ్ళేవారు చేతులు సబ్బుతో కడిగి, ఆరాకే పొడుచుకోండి. వేలికంటిన పండు రసం లేని చక్కెరను చూపిస్తుంది.

ఇంకొక్క మాట. ఇక్కడి లెక్క వేరు, మన ఊరి లెక్క వేరు. ఇక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఇక్కడి 7 అంటే అక్కడి 126. ఇక్కడి 15 అంటే 270. “పదిహేనే కదా” అని నిద్రపోవద్దు. 4 కంటే తగ్గితే ప్రమాదం, వెంటనే తీపి నోట్లో వేసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు 5 దాటాకే స్టీరింగు పట్టాలని ఇక్కడి సలహా.

బెర్న్‌స్టీన్‌కు భార్య పేరు అక్కరకొచ్చింది. మనకు అలాంటి పేరు లేదు, పక్క గదిలో మనవాడు ఉన్నాడు. ఈ కాగితం చదవడం అయ్యాక అతనికి ఇవ్వండి. షుగర్ ఉన్న సంగతి అతను ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు.