గొలుసుల బుట్ట, ఊరి స్థలం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1780 సెప్టెంబరులో, బ్రిటిష్ సేనాని లార్డ్ కార్నవాలిస్ నార్త్ కరొలినాలోని షార్లెట్ ఊళ్లోకి సైన్యంతో దిగాడు. చుట్టుపక్కల రైతులు ఆయన్ని నిలవనివ్వలేదు. తిండిగింజల కోసం పల్లెలకు పంపిన దండు మీద పొదల చాటు నుంచి తుపాకులు పేల్చారు. నెల తిరక్కుండానే ఆయన ఊరు వదిలిపోయాడు. పోతూ దీన్ని కందిరీగల తుట్టె అన్నాడని ఇక్కడివాళ్లు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. మరుసటి ఏడు యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఆ కార్నవాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది ఆయన హయాంలోనే, 1788లో. ఆ గుంటూరు సీమలోని సత్తెనపల్లిలో పుట్టి ఇక్కడ స్థిరపడిన నాకు ఈ ఊరి చరిత్ర పరాయిదిగా తోచదు. ఇదీ ఒకప్పుడు పత్తి బేళ్ల మీద, నూలు మిల్లుల మీద బతికిన సీమే.

ఆ కందిరీగల పేరుతోనే ఇక్కడ హార్నెట్స్ నెస్ట్ పార్కు ఉంది. దాని చెట్ల మధ్య అక్కడక్కడా ఇనప గడలు, వాటికి నడుం ఎత్తున బుట్టలు, బుట్టల పైన వేలాడే గొలుసులు కనిపిస్తాయి. ఆటను డిస్క్ గోల్ఫ్ అంటారు. గుర్తుపెట్టిన చోట నిలబడి పళ్లెంలాంటి డిస్కును బుట్ట వైపు విసరాలి. అది పడ్డ చోటి నుంచి మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. బంతీ లేదు, కర్రా లేదు, చాలాచోట్ల టికెట్టూ లేదు.

ఈ ఆటకు పూర్వీకులు సామాన్యమైన వంటింటి సామాన్లు. కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫ్రిస్బీ అనే కుటుంబం 1871 నుంచి ‘పై’ అనే తీపి రొట్టెలు అమ్మేది. వాటి ఖాళీ రేకు పళ్లేలను కాలేజీ కుర్రాళ్లు గాల్లోకి విసిరి ఆడేవారు. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే పల్లెలో బడిపిల్లలు డబ్బా మూతలను నేల మీద గీసిన వలయాల్లోకి విసురుతూ గోల్ఫ్ లెక్కన ఆడుకున్నారు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మోరిసన్, ఆయన భార్య కేకు పళ్లేలను సముద్రపు ఒడ్డున అమ్మేవారు. తర్వాత ఆయన చేసిన ప్లాస్టిక్ పళ్లేన్ని 1957లో వామో కంపెనీ కొని దానికి ఫ్రిస్బీ పేరు పెట్టింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజెలెస్ పక్కన ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానం వేయించాడు. అప్పటికి బుట్టలు లేవు, పాతిన గడలే గురి. డిస్కు గడకు తగిలిందా, పక్కనుంచి పోయిందా అని ప్రతి ఆటలో తగవే. ఆ తగవు తీర్చడానికి ఆయన, కొడుకు కెన్ కలిసి గొలుసులు తగిలించిన బుట్ట చేశారు. 1977లో దానికి పేటెంటు వచ్చింది. 2002లో హెడ్రిక్ చనిపోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఇవాళ ప్రపంచంలో ఇలాంటి మైదానాలు పదివేలకు పైమాటే.

నాకు నచ్చింది, కొత్త మైదానాలు పుట్టే తీరు. కొన్న బుట్టలు ఖరీదెక్కువ కాబట్టి చాలాచోట్ల ఇరుగుపొరుగు ముందు తామే చేసుకుంటారు. మా పేటలో రిటైరైన వెల్డరు ఒకాయన షెడ్డులో నేనూ చేయి కలిపాను. పైన చక్రానికి పాత సైకిల్ రిమ్ము. ఇక్కడి రిముకు సాధారణంగా ముప్పై ఆరు స్పోకు బెజ్జాలుంటాయి. రెండు వదిలి ఒకదానికి కొక్కెం తగిలిస్తే పన్నెండు గొలుసులు సమంగా పడతాయి. మన ఊరి పాత సైకిలు వెనక చక్రానికి నలభై ఉంటాయి కాబట్టి మూడు వదిలి ఒకదానికి వేస్తే పది గొలుసులు. వాటి కింది కొసలన్నీ గడ చుట్టూ ఉండే చిన్న రింగులో కలుస్తాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ రింగును గడకు వెల్డు చేయకూడదు, వదులుగా వేలాడనివ్వాలి. గొలుసు బిగుసుకుంటే గిర్రున తిరుగుతూ వచ్చిన డిస్కు గోడకు కొట్టినట్టు వెనక్కి ఎగురుతుంది. వదులుగా ఉంటే గొలుసులు డిస్కు వేగాన్ని మింగేసి బుట్టలోకి జార్చేస్తాయి. ఒక్క వరసే వేస్తే సందుల్లోంచి దూరి అవతలికి పోతుంది కాబట్టి లోపల చిన్న వలయంలో రెండో వరస వేయాలి. బుట్టకు పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ము వాడాం. మన దగ్గర మిరపకాయల గంపకు అడుగున గడ పట్టే బెజ్జం చేసినా మొదటి ఏడు గడిచిపోతుంది.

గడ నిలపడం మాత్రం మన ఊళ్లో ఇక్కడి పద్ధతిలో కుదరదు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దిగేంత నెర్రెలిస్తుంది. అందులో కాంక్రీటు పోసి పాతిన గడ రెండేళ్లలో ఒరిగిపోతుంది. పాత లారీ టైరు పడుకోబెట్టి, మధ్యలో పైపు నిలిపి, కంకర, సిమెంటు పోయండి. అవసరమైతే దొర్లించుకుపోవచ్చు, రాత్రికి లోపల పెట్టుకోవచ్చు. అనుమతి ఇంకా రాని స్థలంలో అదే మంచిది కూడా.

ముందు జనం కట్టుకోవడం, తర్వాత ఊరు చేపట్టడం అమెరికాలో పాత అలవాటు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో చందాలేసుకుని 1731లో గ్రంథాలయం, 1736లో అగ్నిమాపక దళం పెట్టుకున్నాడు. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన వావిలాల గోపాలకృష్ణయ్యగారి ఊరు సత్తెనపల్లివాళ్లకు నేను ఇది నేర్పనక్కర్లేదు. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది, మద్రాసు ప్రభుత్వం గ్రంథాలయ చట్టం చేసింది 1948లో. పల్లెల్లో పుస్తకాల బీరువాలు నిండింది ఆ మధ్య కాలంలో, జనం సొంత డబ్బుతో.

అయితే ఇక్కడి పార్కుల కథలో ఒక చీకటి పుట ఉంది. అది దాచి చెబితే చరిత్ర చెప్పినట్టు కాదు. షార్లెట్‌లో రివల్యూషన్ పార్కులో నగరపు గోల్ఫ్ మైదానం బానీ బ్రే ఉండేది. తెల్లవాళ్లకే అనే షరతుతో దానమిచ్చిన భూమి అది. 1951లో కొందరు నల్లవారు ఆడబోతే ఆపేశారు. వాళ్లు కోర్టుకెక్కారు. వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచాక గానీ ఆ గేటు వాళ్లకు తెరుచుకోలేదు. వాళ్లూ పన్ను కట్టినవాళ్లే, అదీ పన్ను డబ్బుతో నడిచే పచ్చికే. ఇవాళ నాలాంటి పరదేశి పార్కులోకి డిస్కు పట్టుకుని ఎవరినీ అడగకుండా నడిచి వెళుతున్నాడంటే అది ఆ మనుషులు గెలిచిపెట్టిన హక్కే. ఆట ఎవరు కనిపెట్టారన్నదానికన్నా, నేల ఎవరిదన్న ప్రశ్నే నా దృష్టిలో పెద్దది.

మన ఊళ్లో కొత్త క్రీడాస్థలం అనగానే అర్జీ, ఎమ్మెల్యే, శంకుస్థాపన గుర్తొస్తాయి. అర్జీ పెట్టండి, కానీ ముందు బుట్ట చేయించండి. పాత సైకిల్ షాపులో రిములు, వెల్డింగ్ షాపులో గొలుసులు, టైర్ల కొట్టు వెనక టైర్లు దొరుకుతాయి. కుర్రాళ్లకు బొమ్మల దుకాణం ఫ్రిస్బీతో మొదలుపెట్టినా పర్వాలేదు. చెరువు కట్ట దగ్గరో, బడి మైదానంలోనో వేపచెట్ల మధ్య నిలపండి. నడిచే దారి మీదుగా విసురు పోకుండా చూసుకోండి, అసలైన డిస్కు దాదాపు నూట డెబ్బై అయిదు గ్రాముల గట్టి ప్లాస్టిక్, తగిలితే దెబ్బే. మిరప ఆరబోసిన కల్లాల జోలికి పోకండి. వచ్చే సంక్రాంతి సెలవులకు రెండే రెండు బుట్టలు నిలపండి చాలు. మొదటి రోజే అన్ని పేటల పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పిలిచి డిస్కు వాళ్ల చేతికివ్వండి.