పిలిచి తెచ్చిన పిచ్చుక, చప్పుడు లేని తుపాకీ

అమెరికాలో నగరాలకు దూరంగా, విశాలమైన పెరళ్లున్న కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను మొదట్లో కలవరపెట్టే విషయాలలో, ఆ దేశంలో ఊరపిచ్చుకకు ఉన్న స్థానం ఒకటి. వరికోతలు కాగానే నిండైన కంకులను ఏరి కుచ్చుగా అల్లి చూరుకు వేలాడదీసి, ఆ గింజలు పిచ్చుకల వంతు అని వదిలేసిన ఇళ్లలో పెరిగినవారికి, పక్కింటి మర్యాదస్తుడైన పెద్దమనిషి తన పెరట్లో వాలిన అదే పక్షిని ఎయిర్ రైఫిల్‌తో కొట్టి చంపుతున్నాడని తెలిసినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అన్న మాట వెంటనే నోటికి వస్తుంది. అయితే ఆ పిచ్చుక ఆ పెరట్లోకి ఎలా వచ్చిందో, ఆ తుపాకీ ఆ చేతిలోకి ఎలా వచ్చిందో తెలుసుకోకుండా ఆ పెద్దమనిషిని తప్పుపట్టడం గాని, అతన్ని చూసి అలాంటి తుపాకీ కొనడం గాని న్యాయం కాదు.

ఊరపిచ్చుక అమెరికాకు స్వదేశీ పక్షి కాదు, ఎవరికీ తెలియకుండా ఓడల్లో దాక్కుని వచ్చిన పక్షీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు పెద్దలు డబ్బు పెట్టి, కమిటీ వేసి, ఎంతో ప్రేమతో ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న అతిథి. న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో వీధి చెట్ల ఆకులను గొంగళిపురుగులు తినేస్తూ, సన్నని దారాలకు వేలాడి బాటసారుల టోపీల మీద పడుతూ ఉంటే, వాటిని పిచ్చుకలు తింటాయన్న ఆశతో బ్రూక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యాసంస్థ 1850లో 8 జతలను తెప్పించింది. మరుసటి వసంతంలో వదిలిన ఆ జతలు నిలదొక్కుకోలేదు. ఆ సంస్థ డైరెక్టర్లలో ఒకడైన నికొలస్ పైక్ 1852లో లివర్‌పూల్ నుంచి మరిన్ని పిచ్చుకలను ఓడ మీద పంపించాడు. వాటిలో కొన్నింటిని గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలోని ప్రార్థనాలయపు గోపురంలో ఉంచారు, అక్కడ కుదురుకోకపోతే ఒక పెద్దమనిషి ఇంటికి తరలించి చలికాలమంతా సాకారు, 1853 వసంతంలో ఆ శ్మశానవాటిక తోటలోనే స్వేచ్ఛగా వదిలి, వాటిని కనిపెట్టుకుని ఉండటానికి జీతమిచ్చి ఒక మనిషిని కూడా నియమించారు. ఈ వివరాలన్నీ పైక్ స్వయంగా చెప్పుకున్నవే. పిచ్చుకలకు జీతగాడిని పెట్టిన ఆ ఆదరణకు, చూరుకు కంకులు కట్టిన ఆదరణకు మూలం ఒకటేనని తెలుగు పాఠకుడు గుర్తిస్తే తప్పులేదు.

కాని ఫలితాలు ఒకటి కాలేదు. పిచ్చుక పిల్లలకు పురుగులను పెడుతుందే గాని, పెద్దదైన తర్వాత ప్రధానంగా గింజలు తిని బతుకుతుంది. గుర్రపు బండ్లు నడిచే ఆనాటి అమెరికా నగరాలలో, వీధుల్లో పడిన పేడలోని అరగని ఓట్ గింజలే దానికి ఏడాది పొడవునా తరగని గాదె అయ్యాయి. ఇతర నగరాలవారు కూడా విడివిడిగా తెప్పించి వదలడం వల్ల, అర్ధశతాబ్దం దాటేసరికి అది ఖండమంతా వ్యాపించింది. ఈలోగా పక్షిశాస్త్రవేత్తల మధ్య పెద్ద వివాదమే రేగి, బోస్టన్‌కు చెందిన థామస్ బ్రూయర్ పిచ్చుకను సమర్థిస్తే ఎలియట్ కూజ్ దానిని తీవ్రంగా ఖండించాడు. జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టే సంఘాన్ని 1866లో స్థాపించిన హెన్రీ బెర్గ్ పిచ్చుకల పక్షాన నిలిచాడు. 1889లో ప్రభుత్వ వ్యవసాయశాఖ తరఫున వాల్టర్ బారోస్ ప్రకటించిన బృహత్ నివేదిక ఆ పక్షిని పంటలకు, స్వదేశీ పక్షులకు హానికారిగా తేల్చింది. మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ అనే పక్షిని యూజీన్ షీఫెలిన్ అనే సంపన్నుడు న్యూయార్కు సెంట్రల్ పార్కులో వదిలింది, ఆ మరుసటి ఏడాది 1890లోనే అన్నది గమనించదగినది.

తెలుగు కుటుంబాల పొరుగున ఉన్న పెద్దమనిషి వేదనకు కారణం బ్లూబర్డ్. వీపు మీద నీలం, రొమ్ము మీద ఇటుక రంగు ఉండే ఈ చిన్న పక్షి న్యూయార్కు, మిస్సోరీ రాష్ట్రాల అధికారిక పక్షి. ఇది తన ముక్కుతో మానులో తొర్ర చేసుకోలేదు. వడ్రంగిపిట్టలు వదిలేసిన పాత తొర్రలలోనే గూడు పెడుతుంది. ఊరపిచ్చుక కూడా తొర్రలనే కోరుకుంటుంది గనుక పోటీ తప్పదు. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన థామస్ మసల్‌మన్ 1930ల నాటికే రోడ్ల వెంట కంబాలకు చెక్కపెట్టెలు వరసగా బిగించి బ్లూబర్డ్‌లకు నివాసాలు కల్పించాడు; లారెన్స్ జెలనీ పూనికతో 1978లో ఉత్తర అమెరికా బ్లూబర్డ్ సంఘం ఏర్పడి ఆ పనిని దేశమంతటా విస్తరించింది. ఆ పెట్టెకు ఒకటిన్నర అంగుళాల రంధ్రం ఉంటుంది. అందులోనుంచి ఊరపిచ్చుక కూడా సునాయాసంగా దూరుతుంది. లోపల గుడ్లు పొదుగుతున్న బ్లూబర్డ్ తప్పించుకునే దారి లేక ఇరుక్కుపోతే, మగపిచ్చుక దాని తల మీద పొడిచి పొడిచి చంపి, ఆ శవం మీదే గడ్డీ ఈకలూ పరచి తన గూడు కట్టుకోవడం పరిశీలకులు పలుమార్లు నమోదు చేసిన విషయం. మూత తెరిచి గడ్డి తీస్తుంటే అడుగున నీలిరంగు ఈకలు బయటపడిన మనిషి తుపాకీ కోసం వెతకడాన్ని క్రూరత్వం అని కొట్టిపారేయలేము.

ఇక్కడ వరికుచ్చు సంగతి కొంచెం వివరించవలసి ఉంది. తెలుగునాట ఆ కుచ్చు కట్టే రైతుకు అది పిచ్చుకతో కుదుర్చుకున్న ఒప్పందం వంటిది: పొలంలో గింజ మీద వాలితే తోలతాడు, ఇంటికి వస్తే పెడతాడు. కాడలు పొడుగ్గా ఉంచి కోసిన కంకులను జడలా పేనుకుంటూ పోయి, కింద గింజలన్నీ ఒకే గుత్తిగా వేలాడేటట్లు అల్లే ఆ పనితనంలో, పిచ్చుక కాలూనడానికి ఎక్కడ పట్టు దొరకాలో కూడా అల్లేవారికి తెలుసు. పెంకుటింటి దూలాల సందున గూడు, గుమ్మం పైన గింజ, పెరట్లో దుమ్ముస్నానం, ఇలా వేల ఏళ్ల వ్యవసాయంతో పాటు పెరిగిన సహవాసం అది. శ్లాబు ఇళ్లు వచ్చి దూలాల సందులు పోయాక ఆ సహవాసం తెగి, భారతీయ నగరాలలో పిచ్చుకలు తగ్గిపోయాయన్న ఆవేదనతోనే 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా పాటిస్తున్నారు. ఢిల్లీ 2012లో దానిని తన రాష్ట్రపక్షిగా ప్రకటించింది. పుట్టిన ఊరిలో కనుమరుగైన కిచకిచలు వేల మైళ్ల అవతల పెరట్లో వినిపించినప్పుడు ప్రవాసి మనసు కదలకుండా ఉండదు. అయితే అమెరికాలో చౌకగా దొరికే పక్షి దాణా సంచుల్లో వరిగలు, మొక్కజొన్న నూక ఎక్కువగా ఉంటాయి. అవి ఊరపిచ్చుకలకు ప్రీతికరం. ఊరి మీద బెంగతో వేలాడదీసిన ఆ దాణా పక్కింటి బ్లూబర్డ్ పెట్టె మీదకు దండును పిలిచినట్లవుతుంది. ఆ ఒప్పందాన్ని ఖండాంతరం తీసుకుపోవడం కుదరదని ఒప్పుకోవడం కష్టమే అయినా ఒప్పుకోక తప్పదు.

గాలితో పేలే తుపాకీకి అమెరికాలో ఉన్న చరిత్ర పిచ్చుక చరిత్ర కంటె పాతది. పశ్చిమ తీరానికి దారి కనుక్కోవడానికి బయలుదేరిన లూయిస్, క్లార్క్ యాత్రలో మెరివెదర్ లూయిస్ వెంట ఒక గాలి తుపాకీ ఉండేది; మందుగుండు లేకుండా, పొగ లేకుండా పేలే దానిని దారిలోని మూలవాసులకు ప్రదర్శించడం ఆ యాత్రలో ఒక ఆనవాయితీ అయింది. 1803 ఆగస్టు చివర, యాత్ర మొదలైన తొలినాడే, పిట్స్‌బర్గ్ దగ్గర ఒక లంకలో దానిని అలవాటు లేని చేయి పట్టుకోగా అది పొరపాటున పేలి, 40 గజాల దూరంలో నిలబడిన ఒక స్త్రీ కణతను గుండు గాయపరిచింది. ఆమె చనిపోయిందనే అందరూ భయపడ్డారు. అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. ఆ తర్వాత ఎనభై ఐదేళ్లకు మిషిగన్‌లోని ప్లిమత్ పట్టణంలో గాలిమరలు తయారుచేసే ఒక కంపెనీ, 1888లో క్లారెన్స్ హామిల్టన్ రూపొందించిన లోహపు గాలి తుపాకీని గాలిమర కొన్న రైతులకు బహుమతిగా ఇవ్వసాగింది. రైతులు గాలిమర కంటె బహుమతినే ఎక్కువగా కోరడంతో 1895లో కంపెనీ తన పేరునే డెయిసీ అని ఆ తుపాకీ పేరుకు మార్చుకుంది. అమెరికా పెరళ్లలో ఎయిర్ రైఫిల్ పార, గొడ్డలి వంటి పనిముట్ల పక్కన చోటు సంపాదించింది ఈ మార్గంలోనే.

ఈ నేపథ్యం తెలిసిన తర్వాత ఎంపిక సులువవుతుంది. పెరటి అవసరానికి వెతికే తుపాకీలో మొదట చూడవలసింది చప్పుడు. ఆ చప్పుడు రెండు చోట్ల పుడుతుంది: గొట్టం మూతి దగ్గర ఒక్కసారిగా విడుదలయ్యే గాలిలో ఒకటి, ధ్వనివేగాన్ని మించిపోయిన గుండు గాలిని చీల్చడంలో రెండోది. ధ్వనివేగం సెకనుకు సుమారు 1,100 అడుగులు. ప్రకటనలలో 1,200 అడుగుల వేగమని గొప్పగా చెప్పే తుపాకీ, తేలికపాటి మిశ్రలోహపు గుండుతో ఆ వేగాన్ని అందుకున్న ప్రతిసారీ కొరడా ఝళిపించినట్లు మోగుతుంది. 600, 700 అడుగుల వేగంతో పోయే అరగ్రాము సీసపు గుండు దగ్గరి దూరంలో పిచ్చుకకు చాలు గనుక, వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

గాలిని బిగించే పద్ధతులను బట్టి ఈ తుపాకులలో తరగతులున్నాయి. జాతరలలో బుడగలు కొట్టడానికి ఇచ్చే తుపాకీ వలె గొట్టాన్ని మడిచి లోపలి స్ప్రింగును బిగించేది ఒకటి. దీనికి వేరే సరంజామా అక్కరలేదు, కాని స్ప్రింగు విడివడినప్పుడు తుపాకీ అదిరి, గురి నేర్చుకోవడానికి నెలల సాధన పడుతుంది. స్ప్రింగుకు బదులు నైట్రోజన్ వాయువును బిగించిన రకం ఇంతకంటె మెత్తగా పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ గొట్టాలతో నడిచే రకం సౌకర్యమైనదే గాని, చలికి వాయుపీడనం పడిపోయి ఉత్తరాది రాష్ట్రాల శీతకాలంలో బలహీనపడుతుంది. ముందే అధిక పీడనంతో గాలి నింపుకునే రకం గురిలో అన్నిటికంటె మేలైనది. మూతి చుట్టూ తొడుగు ఉంటే చప్పుడు కూడా చాలా తగ్గుతుంది, కాని గాలి నింపే పంపు ఖర్చు దానికి తోడవుతుంది. కొద్ది డబ్బుతో పని గడవాలంటే, 1966లో క్రాస్మన్ కంపెనీ తెచ్చిన 760 పంప్‌మాస్టర్ తరహాలో చేత్తో అనేకసార్లు పంపు కొట్టే రకమే ఉత్తమం: దెబ్బల సంఖ్య తగ్గిస్తే వేగమూ చప్పుడూ రెండూ తగ్గుతాయి, అదరదు, ధర వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పిచ్చుకకు 4.5 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. పెద్ద ఎలుకల బెడద ఉన్నవారికి 5.5 మిల్లీమీటర్లది తగును. ఉక్కు గోళీలు గట్టి వస్తువుకు తగిలి వెనక్కు ఎగిరి కంటికి ప్రమాదం తెస్తాయి గనుక మెత్తని సీసపు గుండ్లే వాడాలి, గురికి వెనుక మట్టికట్టో మందపాటి చెక్కో తప్పక ఉండాలి. తప్పిన గుండు వందల గజాలు పోగలదన్నది పిట్స్‌బర్గ్ దగ్గర గాయపడిన స్త్రీని తలచుకుంటే మరువరానిది.

చట్టం సంగతి వేరుగా తెలుసుకోవాలి. 1968 నాటి కేంద్ర చట్టం పేలుడు పదార్థంతో పనిచేసేదానినే తుపాకీగా నిర్వచించినందువల్ల ఎయిర్ రైఫిల్ దాని పరిధిలోకి రాదు. అయినా న్యూజెర్సీ రాష్ట్రం దానిని తుపాకీగానే పరిగణిస్తుంది, న్యూయార్కు నగరం లైసెన్సు లేనిదే అనుమతించదు, ఇంటి పెరట్లో పేల్చడాన్ని నిషేధించిన పట్టణాలు అనేకం. చప్పుడు తగ్గించే సాధనం విడిగా బిగించేదై, మామూలు తుపాకీకి కూడా అమరేదైతే అది 1934 చట్టం కింద నేరమయ్యే ప్రమాదం ఉంది గనుక, తయారీలోనే అమర్చిన తొడుగున్నదే కొనాలి.

తుపాకీ కంటె ముందు చేయగలిగినవి ఎన్నో ఉన్నాయి. వరిగల దాణా మానివేయడం, పెట్టెలో పిచ్చుక గడ్డి చేర్చగానే తీసిపారేయడం, చిన్న పిట్టలకు పెట్టే పెట్టెలకు రంధ్రాన్ని అంగుళం మీద ఎనిమిదో వంతుకు కుదించడం, ఇవి చేయకుండా ట్రిగ్గరు మీద వేలు పెట్టడం తగదు. 1918లో వచ్చిన వలసపక్షుల చట్టం దాదాపు స్వదేశీ పక్షులన్నిటికీ, వాటి గుడ్లకూ గూళ్లకూ రక్షణ కల్పించింది. ఊరపిచ్చుక, స్టార్లింగ్ వంటి పరదేశీ పక్షులకు ఆ రక్షణ లేదని 2004లో సవరణ స్పష్టం చేసింది. మగ ఊరపిచ్చుకను మెడ కింది నల్లని మచ్చతో, బూడిదరంగు నడినెత్తితో గుర్తించడం తేలిక. ఆడది మాత్రం మచ్చలేని లేతగోధుమ రొమ్ముతో, కంటి వెనుక పాలిపోయిన చారతో, అదే పెరట్లో గింజలేరుకునే స్వదేశీ పిచ్చుకలను చూడగానే పోలి ఉంటుంది. వాటిలో ఒక్కదానిని చంపినా కేంద్ర చట్టం కింద శిక్షార్హమైన నేరం. ఆడ ఊరపిచ్చుకను తక్కిన పిచ్చుకల నుంచి నిస్సందేహంగా వేరుచేసి గుర్తించలేనివారు ఈ తుపాకీని కొనకూడదు.