ప్రపంచీకరణ – రాష్ట్ర ప్రభుత్వపు ముందుజాగ్రత్త

ప్రపంచీకరణ అనగానే మనకు 1991 జూలైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానం, 1995 జనవరి 1న ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ గుర్తుకొస్తాయి. అయితే తెలుగునేలకు విదేశీ బజారు కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన అద్దకపు బట్టలు ఓడలెక్కి దేశదేశాలకు వెళ్ళాయి. 1813 తరువాత ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చిపడితే మన మగ్గాలు మూలపడ్డాయి. నేతగాణ్ణి ఆదుకునే ఏర్పాటేదీ లేకపోయింది. 1833 నాటి కరువులో గుంటూరు ప్రాంతంలో లక్షకు మించి జనం చనిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో. అంటే మేలు జరిగింది గానీ, కీడు జరిగిపోయిన తరువాతనే.

ఇప్పటి ఇబ్బంది ఏమిటంటే, విదేశీ వర్తకం, కస్టమ్స్ సుంకం రాజ్యాంగం ప్రకారం కేంద్రం చేతిలోనివి. వ్యవసాయం, నీటిపారుదల రాష్ట్రానివి. నిర్ణయం ఢిల్లీలో, ఫలితం మన పొలంలో. దీనికి వంటనూనె చక్కని ఉదాహరణ.

1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో అందరికీ తెరిచారు. 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. వానమీద ఆధారపడిన అనంతపురం వేరుశనగ రైతుకు అటు వర్షం లేదు, ఇటు ధర లేదు. అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక మంచి పని కూడా చేసింది. 1993లో ఆయిల్ పామ్ చట్టం తెచ్చి, ఏ మండలాల గెలలు ఏ ఫ్యాక్టరీ కొనాలో నిర్ణయించి, ధర ప్రకటించే బాధ్యత తీసుకుంది. పశ్చిమ గోదావరి రైతుకు నీరు, దగ్గరలో ఫ్యాక్టరీ, కొనుగోలుకు చట్టం మూడూ ఉన్నాయి. ధర పడినప్పుడు అతనూ నష్టపోయాడు గాని, అడగడానికి ఒక చోటు ఉంది. వేరుశనగ రైతుకు అదీ లేదు.

సుంకాల ఆట నేటికీ ఆగలేదు. ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించారు. మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపుకు రాని పంట ఇది. మరి రైతు ఏ సుంకాన్ని నమ్ముకుని నాటాలి?

గుమాస్తాగా ఫైళ్ళ మధ్య బతికినవాడిగా నాకు తోచేవి మూడు మాటలు. మొదటిది, సుంకాల మార్పులను కనిపెట్టి, విత్తనం వేయకముందే జిల్లాలకు తెలియజేసే సెక్షను ఒకటి సచివాలయంలో నిత్యం పనిచేయాలి. రెండవది, 2019–20 బడ్జెటులో ఆంధ్రప్రదేశ్ 3,000 కోట్ల రూపాయల ధరల స్థిరీకరణ నిధి ప్రకటించింది. ప్రకటన వేరు, ఏటా సొమ్ము జమచేయడం వేరు. మంచి ఏళ్ళలో దాచినదే చెడ్డ ఏళ్ళలో అక్కరకొస్తుంది. మూడవది చదువు. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ, ట్రిపుల్ ఐటీ వచ్చాయి. చదువు అందినవారి పిల్లలు ప్రపంచ బజారులో నిలదొక్కుకున్నారు. అందని పల్లెలకు ఆ ద్వారం మూసే ఉంది.

ఇది మనకెందుకు అనుకోవద్దు. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి మన పాత పింఛను వర్తించలేదు. కాంట్రిబ్యూటరీ పథకం కింద వారి జీతంలో కోసిన సొమ్ములో కొంత షేర్ల మార్కెట్టుకు పోతుంది. ఎక్కడో న్యూయార్కులో మార్కెట్టు కూలితే ఆ కుదుపు మన పిల్లల వృద్ధాప్యం దాకా వస్తుంది. కనుక మన సంఘం వినతిపత్రాలలో డి.ఏ. బకాయిలతోపాటు ఈ విషయాలకూ చోటివ్వాలని కోరుతున్నాను.